ఆమె గంటలు నేను రాయలేదు

మధ్యాహ్నం రెండు నలభైకి దిగాం. తెల్లటి గట్టి నేల. చెట్టు లేదు. బయట నలభై ఏడు డిగ్రీలు, గుడారంలో నలభై మూడు. నలభై మంచాలు, రెండు జనరేటర్లు, ఒక నీళ్ల ట్యాంకరు. సరిహద్దు పదకొండు కిలోమీటర్లు, అవతల యుద్ధం. గాయాలతో ఒమాన్‌లోకి వచ్చేవాళ్ల ప్రాణం నిలిపి సలాలా పెద్దాసుపత్రికి పంపాలి. ఆర్డరు అరవై రోజులకు.

భారత సైన్యంలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసి మేజర్‌గా రిటైరయ్యాను. తర్వాత మస్కట్ దగ్గర బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు. వాళ్లే ఇక్కడికి పంపారు. వార్డు నాది. పన్నెండు గంటల డ్యూటీ దాటిన వాళ్లను పడుకోబెట్టే అధికారమూ నాదే. తొమ్మిది మంది నర్సులు, ఆరుగురు డ్రైవర్లు. వాళ్ల గంటలు రాయడానికి రిజిస్టరులో పదిహేను గళ్లు గీశాను.

నాతో ఇద్దరు తెలుగువాళ్లు. అంబులెన్సు డ్రైవరుది జగిత్యాల. మస్కట్‌లోని వాదీ కబీర్ పేటలో మన కార్మికుల సంఘానికి కార్యదర్శి. ఆయాది కడప. ముస్లిం, భర్త పోయిన మనిషి. క్లీనింగ్ కంపెనీ తరఫున వచ్చింది. నెత్తురు కడగడం ఆమె పని. స్ట్రెచర్లు మోయడం ఎవరూ చెప్పకుండానే ఆమె పని అయింది.

సంఘంలో సభ్యత్వం, ఓటు మగవాళ్లకే. సభ్యుడు చనిపోతే సంఘం లెటరిస్తుంది. అది చూసి కంపెనీ ఒకరికి సెలవిస్తుంది. ఆ ఒకరు శవం వెంట ఊరిదాకా వెళతారు. ఆడవాళ్లకు ఆ లెటరు లేదు.

ఒక సాయంత్రం టీ దగ్గర ఆయా అడిగింది. "అన్నా, ఈ తూరి మీటింగులో మా ఆడోళ్ల ఓటు మాట ఎత్తు."

"మీకెందుకక్కా? ఇంట్ల మొగోడు ఏస్తడు గద."

"నా మొగుడు మట్టిలో ఉండాడు. లేపి తోలకరానా?" డ్రైవరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నేను సస్తే సామాను మాదిరి పంపిస్తారా?"

"నువ్వు సావవు తియ్యక్కా. మమ్మల్నే సంపుతవ్."

నలభై ఒకటో రోజు ఉదయం ఆరుకు ఇసుక గాలి లేచింది. రేడియోలో డ్రైవరు.

"వార్డు, పండుకున్నోళ్లు నలుగురు, కూసున్నోళ్లు ఏడుగురు. తొవ్వ కనవడ్తలేదు."

"ఎన్ని నిమిషాలు?"

"దేవునికెరుక, మేడమ్."

ఆ రోజు పద్నాలుగు ట్రిప్పులు. నేను గళ్లు చూసుకుంటూ నర్సులను విడతలుగా పడుకోబెట్టాను. మరునాడు పదకొండు ఇరవైకి ఆయా ట్యాంకరు దగ్గర పడిపోయింది. జ్వరం నూట ఏడు. ఐసు పెట్టాం, సెలైన్ ఎక్కించాం. పన్నెండు అయిదుకు పోయింది.

రిపోర్టు రాయడానికి రిజిస్టరు తెరిచాను. ఆమెకు గడి లేదు. క్లీనింగ్ కంపెనీ మనిషి కదా, నేను లెక్కలోకే తీసుకోలేదు. డ్రైవరు ట్రిప్పు కాగితాలతో సరిచూశాను. ఇరవై తొమ్మిది గంటలు నిలబడింది.

డ్రైవరూ నేనూ ఆమె పెట్టెతో మస్కట్ వచ్చాం. దారిలో అతను లెటరు కోసం సంఘం అధ్యక్షుడికి ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఆరుసార్లూ "రూల్ లేదు" అన్నాడు. నేను మా ఆసుపత్రిని సెలవు అడిగాను. లెటరు లేదని ఇవ్వలేదు. మంగళవారం విమానం కార్గోలో ఆమెను ఊరికి పంపాం.

శుక్రవారం మీటింగు. ఎప్పుడూ నవ్వించే డ్రైవరు లేచాడు. "నలభై రెండు రోజులు నా స్ట్రెచరు రెండో కొస ఆమెనే పట్టింది. ఆమెకు ఓటు లేదంటే నాకూ వద్దు." చేతులు లేచాయి. వెనక నిలబడి లెక్కపెట్టాను: అరవై ఒకటి, వ్యతిరేకం తొమ్మిది. ఆడవాళ్లకు ఓటు వచ్చింది.

"వాళ్ల పనితో సంపాదించుకున్నారు," అన్నాడు అధ్యక్షుడు. అప్పుడు నేను మాట్లాడాను. "మీకు ఓటిచ్చేటప్పుడు ఎన్ని గంటలు చేశారని ఎవరడిగారు?"

ఇప్పటికి నాలుగు సంఘం ఎన్నికల్లో ఓటు వేశాను. వేసిన ప్రతిసారీ ఆ మంగళవారమే కళ్లముందు. కార్గో గేటు దగ్గర గుమాస్తా కాగితంలోంచి తలెత్తి "సాథ్ మే కౌన్?" అన్నాడు. వెంట ఎవరని. డ్రైవరు నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. గుమాస్తా ఆ గడిలో అడ్డగీత గీసి, ట్రాలీని లోపలికి తోయించాడు.