పన్నెండో గుంజ

ఊళ్లో ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవారు. అడవి కాపలాదారుగా చేరిన కొత్తలో పిట్టను చూడకుండానే కూత విని పేరు చెప్పేసేవాడు. అది గమనించిన పైఅధికారి ఆయన్ని పిట్టల లెక్కకు మార్చాడు. కొండ అడుగు నుంచి శిఖరం దాకా పన్నెండు ఇనుప గుంజలు. ఏటా వేసవి మొదట్లో, తెల్లవారుతూండగా, ఒక్కో గుంజ దగ్గర పది నిమిషాలు నిలబడి వినబడిన పిట్టలన్నిటినీ పుస్తకంలో రాయాలి. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని.

ఆ పిట్టల్లో బూడిదరంగుది ఒకటంటే ఆయనకు ప్రాణం. పిడికెడైనా ఉండదు. సూదిమొనలాంటి ఈల. చలిలోనే బతకాలని పుట్టిన జీవి. దాని ఈకలూ, తిండీ, గుడ్లు పెట్టే వేళా ఎన్ని తరాల నుంచో ఆ చలికే కుదురుకున్నాయి. ఆయన చేరినప్పుడు ఆరో గుంజ నుంచే వినబడేది. కింద వేడి పెరిగేకొద్దీ ఎనిమిదికి ఎక్కింది, తర్వాత పదికి. పోనీలే, పైన చోటుంది కదా అనుకున్నాడు మొదట్లో. పన్నెండు దాటితే ఉత్త బండ. ఆపైన ఆకాశమే.

ఉద్యోగం ఇంకో ఏడాదిలో ముగుస్తుందనగా, పన్నెండో గుంజ దగ్గర కూడా ఆ ఈల వినబడలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద ఎత్తలేదు. కుట్టుపని చేసే కూతురు ఆ సంగతి విని మిషను ఆపింది.

"నేను మూడుసార్లు పిలిస్తే గాని పలకవు నాన్నా. పిట్ట సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి పద."

చెవుల డాక్టరమ్మ ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించింది.

"సన్నటి శబ్దాలు మీకిక వినబడవండీ. వయసుతో వచ్చేదే."

ఆయన మొహం విప్పారింది. "అయితే లోపం నాదేనన్నమాట."

"ఈ మాటకి ఇంత సంతోషపడ్డవాళ్లని నేను చూళ్లేదు," అంది డాక్టరమ్మ కూతురితో.

ఆ వారమే కూతురు బడిపిల్లల యూనిఫారాల పని పక్కనపెట్టి తండ్రి వెంట కొండెక్కింది. దారిపొడవునా ఆయన ఈల వేసి నేర్పుతూనే ఉన్నాడు: రెండు పొడుగు, ఒకటి పొట్టి. పదో గుంజ దగ్గర లేదు. పదకొండు దగ్గరా లేదు. పన్నెండు దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"ఉంది నాన్నా. బండ పక్క పొదలో."

ఆయన నోరు కొంచెం తెరుచుకుని అటే విన్నాడు. ఆయనకు గాలి తప్ప ఏమీ వినబడలేదు.

"పిలిచేది మగది. పక్కన ఆడది ఉంటే వెంటనే చిన్నగా బదులిస్తుంది. ఇస్తోందా?"

ఆమె చాలాసేపు విన్నది. తండ్రి మొహం చూస్తే అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"లేదు. అదొక్కటే పిలుస్తోంది."

"ఒకటని రాయి," అంటూ పుస్తకం ఆమె చేతికిచ్చాడు.

ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ పని దినకూలీ మీద ఆమెకే ఇచ్చారు. రెండేళ్లు ఒకటి, ఒకటి అని రాసింది. మూడో ఏడు వరసగా మూడు రోజులు ఎక్కినా ఈల లేదు. దిగొచ్చి చెప్పేసరికి ఆయన గడప మీద కూర్చుని ఆమె కత్తెరకు సాన పెడుతున్నాడు. చేయి ఆగింది.

"ఏం రాశావు?"

"ఏం రాయను? గడి ఖాళీగా వదిలేశాను."

"ఖాళీగా వదలకమ్మా. ఎవరూ వెళ్లలేదనుకుంటారు. సున్నా చుట్టు. వెళ్లాం, విన్నాం, లేదు. ఆ ముక్క తెలియాలి."

ఆమె అక్కడే కూర్చుని సున్నా చుట్టింది. ఆయన వేలితో ఆ గడిని ఒకసారి తడిమాడు.

"ఇప్పుడు ఆ పొదలో ఏమున్నాయి?"

"కిందుండే పసుపు పిట్టలు. పధ్నాలుగు."

"పైకి వచ్చేశాయన్నమాట," అన్నాడు మెల్లగా. "వాటినీ రాయి."