ఫూసీ అత్త చేతివాటం

మా ఫూసీ అత్త మా ఇంటికి ఎప్పుడొచ్చినా వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి పట్టుకుపోయేది. దీన్ని దొంగతనం అనడానికి వీల్లేదు. మా టోంగా దీవుల్లో నాన్నకు అక్క అంటే ఆ ఇంట్లో నాన్న కంటే పెద్ద. తమ్ముడి ఇంట్లో ఏది నచ్చితే అది ఆవిడది. కాదనడానికి ఎవరికీ నోరుండదు. ఊళ్ళో మేనత్తలందరికీ ఈ హక్కు ఉంది. వాళ్ళు ఏ చాపో, పందిపిల్లో తీసుకుని మర్యాదగా వెళ్ళేవాళ్ళు. మా అత్త ఎంపికే వేరు. గిన్నె వదిలేసి మూత పట్టుకెళ్ళేది.

"మూత ఒక్కటే ఎందుకక్కా?" అని నాన్న ఒకసారి ధైర్యం చేశాడు.

"గిన్నె నాకుందిరా సెమిసీ."

"మరి మాకు మూత?"

"మీక్కూడా గిన్నె ఉందిగా. ఏడుస్తావేం?"

ఇద్దరి దగ్గరా గిన్నె ఉందన్నది నిజమే గనుక నాన్న ఊరుకున్నాడు. ఆ వారమంతా మా కూరలో బూడిద పడింది.

అత్త భారీ మనిషి. ఆవిడ వీధి మలుపు తిరగగానే మా కుక్క తన ఎముక నోట కరుచుకుని, దిమ్మెల మీద కట్టిన మా ఇంటి కిందికి దూరేది. దానికి కూడా ఆచారం తెలుసు. అత్త తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో ఆడవాళ్ళు చాపలల్లడం ఆపి పలకరించేవాళ్ళు.

"ఈసారి ఏంటి ఫూసీ?"

"గోడ గడియారం."

"నడుస్తుందా?"

"నడవదు. నేనే నడిపించుకుపోతున్నా."

ఆ గడియారానికి మా అమ్మ కీ ఇచ్చేది. అమ్మ పోయాక ఎవరూ ఇవ్వలేదు. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే దాని ఎదురుగా కూర్చుని టీ తాగేవాడు. అత్త దాన్ని పట్టుకెళ్ళాక గోడ మీద గుండ్రటి మచ్చ ఒకటి మిగిలింది. మచ్చను ఎంతసేపని చూస్తాడు? వాకిట్లో కూర్చుని తాగడం మొదలుపెట్టాడు.

అన్నింటికంటే ఊరు ఎక్కువగా చెప్పుకున్నది తలుపు సంగతి. అమ్మ పోయిన తర్వాత నాన్న లోపలి గది మూసేశాడు. ఒక శనివారం అత్త స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి, ఆ గది తలుపు విప్పి, నెత్తిన పెట్టుకుంది.

"తలుపు తీసుకెళ్తే ఎలాగక్కా!"

"పందుల దొడ్డికి కావాలి."

"ఇంత మంచి తలుపు పందులకా?"

"నా పందులకేం తక్కువరా?"

తలుపు లేని గదిని మూసిపెట్టడం ఎవరి తరం? నాలుగు రోజులకల్లా నేనూ మా చెల్లెలు లూపే ఆ గదిలోనే చాప వేసుకుని పడుకుంటున్నాం.

అత్త పోయి ఏడాదవుతోంది. పట్టుకుపోవడం ఆవిడ పని. ఆవిడనే పట్టుకుపోవడానికి దేవుడికి ధైర్యం ఎలా వచ్చిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇక లతాయి సంగతి. అమ్మ పోయిన కొన్నేళ్ళకు నాన్న ఎవువా దీవి నుంచి లతాయిని పెళ్ళి చేసుకుని తెచ్చాడు. సన్నటి మనిషి, మెల్లటి మాట. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. లూపేకి అప్పుడు ఏడేళ్ళు. అది 'ఆవిడ' అనేది, అది కూడా గోడవైపు తిరిగి.

లూపేకి అమ్మ గుర్తున్నది కొంచెమే. ఆ లోటు పట్టుదలతో పూడ్చుకునేది. లతాయి చీపురు పడితే "మా అమ్మ ఇటునుంచి అటు ఊడ్చేది" అనేది. అటునుంచి ఇటు ఊడిస్తే మళ్ళీ మొదటికొచ్చేది. ఒకరోజు లతాయి దోమను కొట్టింది. "మా అమ్మ దోమల్ని ఇలా కొట్టేది కాదు" అంది లూపే. దోమ మాత్రం ఏ తేడా లేకుండా చచ్చింది.

లతాయి దేనికీ ఎదురు చెప్పేది కాదు. పొద్దున బడికి ముందు లూపేకి రెండు జడలు వేస్తూ ఒక కథ చెప్పేది. ఎవువాలో ఒక పంది ఉంది. దానికి రాజధాని చూడాలని కోరిక. జడ పూర్తయ్యేసరికి కథ ఆపేది. లూపే వినడం లేదన్నట్టు కళ్ళు మూసుకునేది. కాని ఆ కథ మొదలైనప్పటినుంచి జడల దగ్గర తల కదిపింది లేదు.

ఒక ఆదివారం గొడవ ముదిరింది. చర్చి నుంచి వచ్చి, పొద్దున్నే మట్టి కప్పి వెళ్ళిన గుంటపొయ్యి తవ్వి, కాలిన రాళ్ళ మీద ఉడికిన చేమాకు పొట్లాలు పైకి తీశాం. కొబ్బరిపాలు, మాంసం, ఘుమఘుమ. లూపే తన పొట్లం విప్పి వాసన చూసింది.

"ఇందులో ఉల్లిపాయ ఉంది."

"కొంచెమేనమ్మా," అంది లతాయి.

"మా అమ్మ వేయదు." పొట్లం మళ్ళీ మూసి, అందరూ చూసేలా చాప మధ్యలో పెట్టింది.

లతాయి ఆ పొట్లాన్ని పక్కకు జరిపింది. "రేపటి పడవకి మా ఊరు వెళ్ళొస్తాను," అంది నాన్నతో.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

అప్పుడు చూశాను, మూలన ఆవిడ బుట్ట సర్దేసి ఉంది. బట్టలే కాదు, పెళ్ళికి తెచ్చుకున్న చాప కూడా చుట్టిపెట్టింది. చూసి రావడానికి వెళ్ళేవాళ్ళు చాప మోసుకెళ్ళరు. నాన్న చేతిలో పెండలం ముక్క నోటిదాకా వెళ్ళలేదు.

సరిగ్గా అప్పుడే ఇంటి కింద కుక్క సర్దుకున్న చప్పుడైంది. అత్త వచ్చింది. రెండు పొట్లాలు తిన్నది. లూపే వదిలేసింది కూడా తిన్నది. చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే ఇల్లంతా ఓ చూపు చూసింది. గోడలు, గిన్నెలు, మూలనున్న బుట్ట. చివరికి వేలు చూపించింది.

"ఇది తీసుకెళ్తా."

"బుట్టా?" అన్నాడు నాన్న.

"బుట్ట పక్కన కూర్చున్న మనిషి."

"అక్కా! అది నా భార్య!"

"నీదేగా? నీదైతే నాదే. లే లతాయీ. బుట్ట కూడా తెచ్చుకో."

ఆచారం ఆచారమే. అత్త వెనకాల లతాయి వీధిలో నడిచి వెళుతుంటే ఆడవాళ్ళు "ఈసారి ఏంటి ఫూసీ" అని అడగబోయి, చూసి, నోళ్ళు నొక్కుకున్నారు.

"హమ్మయ్య, ఇక అంతా మునుపటిలా ఉంటుంది," అంది లూపే.

సోమవారం పొద్దున జడలు నాన్న వేశాడు. పడవను కట్టే ముడి తప్ప ఆయనకు వేరే ముడి తెలియదు. బళ్ళో దాన్ని విప్పడానికి టీచరు పాఠం ఆపాల్సి వచ్చింది. మంగళవారం నేను వేశాను. లూపే కదలకుండా కూర్చుంది. జడలు అయిపోయినా లేవలేదు.

"ఇక లే," అన్నాను.

"నువ్వేం చెప్పవా?"

"ఏం చెప్పాలి?"

"పంది పడవెక్కింది. కెప్టెను దాన్ని చూసి టోపీ తీశాడు. తర్వాత?"

"నాకేం తెలుసు?"

బుధవారం బడి అవగానే లూపే నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అత్త ఇంటికి పోదాం. ఆవిడ కోసం కాదు. పంది ఏమైందో కనుక్కుని వచ్చేద్దాం."

అత్త ఇంట్లో నేను చూసినది మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మలేదు. తమ్ముడి భార్య వచ్చిందంటే ఆడపడుచుకు చాకిరీ చేయాలి. అదీ మా పద్ధతి. అక్కడేమో లతాయి మంచి చాప మీద కూర్చుని పునుగులు తింటోంది. అత్త చెమటలు కక్కుతూ వేయిస్తోంది.

"వెళ్ళనివ్వదమ్మా," అంది లతాయి నాతో, ఇబ్బందిగా నవ్వుతూ. "సోమవారం పడవకి పోతానంటే, నా వస్తువు నన్నడగకుండా పడవెక్కదు అంది. పనీ చెయ్యనివ్వదు."

గది వెనకభాగం చూశాను. మా ఇంటి వస్తువులన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కదాని మీదా దుమ్ము లేదు. తలుపుకు నూనె కూడా రాసి ఉంది. కిటికీలోంచి పందుల దొడ్డి కనబడింది. దానికి పాత తలుపొకటి ఎప్పటినుంచో ఉన్నట్టే ఉంది.

లూపే ఇవేవీ చూడలేదు. "పంది ఏమైంది?" అంది లతాయిని.

"చెప్పకు," అంది అత్త. "మనిషి నాదైతే కథ కూడా నాదే."

"ఇచ్చెయ్యి."

మా వంశంలో మేనత్తతో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

"ఏమన్నావే?"

"ఇచ్చెయ్యి." లూపే మాట వెనక్కి తీసుకోలేదు. "ఆవిడ మాది."

"మాది అంటే? మీ నాన్నదా?"

"నాది."

అత్త గరిటె కింద పెట్టింది. "మీ నాన్న మీసం రాకముందునుంచీ ఆ ఇంట్లోంచి పట్టుకొస్తున్నా. తిరిగిచ్చెయ్యి అని ఇన్నాళ్ళకు ఒక్క మనిషి అడిగింది! అడిగితే ఇవ్వనన్నానా? అడక్కుండా కూర్చుని ఏడిచేవాళ్ళ కోసం నేనేం చెయ్యను?" అని లతాయివైపు తిరిగింది. "పోతావా?"

లతాయి లూపేని చూసింది. "పోతాను. కాని పొట్లాల్లో ఉల్లిపాయ వేస్తాను."

లూపే వేళ్ళ మీద లెక్కేసింది. "సగం వాటిల్లో."

"సగం వాటిల్లో," అని ఒప్పుకుంది లతాయి.

"నా పొట్లానికి గుర్తు పెట్టాలి."

"పెడతాను."

దారంతా కథ నడిచింది. కెప్టెను టోపీ తీసింది మర్యాదకు కాదు, పందికి ఎండ తగులుతోందని దాని తలమీద పెట్టడానికి.

సంగతంతా విని నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "అడిగితే ఇచ్చేస్తుందా? ఇన్నేళ్ళూ?"

మర్నాడు గడ్డం గీసుకుని, చర్చి చొక్కా తొడుక్కుని, పెద్దల ముందుకు వెళ్ళేటప్పుడు మర్యాదకు కట్టుకునే చాప నడుముకు చుట్టుకుని సైకిలెక్కాడు.

"ఏం అడుగుతావు నాన్నా?" అన్నాను.

"ఏదో ఒకటి. అసలు నాకు నోరు పెగులుతుందో లేదో చూసుకోవాలి."

మేం ముగ్గురం గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాం. నాన్న నడుచుకుంటూ వచ్చాడు.

"సైకిలేది?" అంది లతాయి.

"నేను నోరు తెరిచేలోపే అక్క దాన్ని చూసింది."

లతాయి నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. తర్వాత నాన్న కూడా నవ్వాడు. లూపే మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నాన్నను ఎగాదిగా చూసింది.

"నీకు అడగడం చేతకాదు నాన్నా. నువ్వు ఇంట్లో ఉండు. రేపు నేనూ పిన్నీ వెళ్ళొస్తాం."