పులికాట్ ఒడ్డున జానెడు లేచిన రాయి

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. వేసవి సెలవుల్లో తిరుపతిలో మా ఇంటి పంచలో చాప పరుచుకుని పడుకుందామనుకున్న బడిపంతుల్ని నేను. ఇంతలో ఐరాల నుంచి మా మామగారు దిగారు, చంకలో ఒక ఇంగ్లీషు పత్రికతో. ఉత్తర దేశాల్లో ఒకప్పుడు కొండలంత మంచు నేలను అదిమిపెట్టి ఉండేదట. ఆ మంచు కరిగిపోయిన కొద్దీ, నులకమంచం మీది మనిషి లేస్తే కుంగిన నులక పైకి వచ్చినట్టు, నేల మెల్లగా లేస్తోందట. సముద్రపు ఒడ్డున బండల మీద నీటిమట్టం దగ్గర గీత చెక్కి, కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చి ఆ గీత ఎంత పైకి పోయిందో కొలుస్తారట. అదంతా చదివి వినిపించి, "మన పులికాట్ ఒడ్డు గూడా లేచిండాది అల్లుడా. నా లెక్క తప్పు కాదు" అన్నారు.

ఆ లెక్క సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఆయన నేల ఎత్తులు కొలిచే సర్కారు ఉద్యోగి. పులికాట్ ఒడ్డున ఒక జాలరి పల్లె దగ్గర గుర్తురాయి నాటి, సముద్రమట్టానికి అది ఎంత ఎత్తులో ఉందో రాసిచ్చారు. చాలా ఏళ్ళకు పైఅధికారి ఒకాయన వచ్చి సరిచూస్తే, ఆ రాయి ఈయన రాసిన దానికంటే జానెడు ఎత్తున తేలింది. ఎత్తులు కొలిచేవాడికి జానెడు తేడా అంటే పరువు పోయినట్టే. ఉద్యోగం ఊడలేదు గానీ ఆ తర్వాత ఆయనను పై మెట్టు ఎక్కనివ్వలేదు. లెక్క రానివాడనే పేరుతోనే పింఛను పుచ్చుకున్నారు. ఇప్పుడు ఆయాసం, కళ్ళ మసక. పోయేలోపు ఆ మచ్చ కడుక్కోవాలని పంతం. మా ఆవిడ నా వంక చూసింది. నాకు చాప చుట్టక తప్పలేదు.

తిరుపతి నుంచి నాయుడుపేటకు తెల్లవారుజామున బస్సు. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక, వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచే బస్సు అది. కాళహస్తి దాటాక మెరక వచ్చిన చోటల్లా దిగి తోశాం. టిక్కెట్టు రూపాయి పైచిలుకు, తోసినందుకు కూలి ఏమీ లేదు. "ఏమప్పా, దుడ్లిచ్చి తోసేది గూడా మేమేనా?" అని డ్రైవర్ని అడిగితే, "తోయకుంటే ఈడనే పండుకుందాం సామీ, నాకేం తొందర?" అన్నాడు. మధ్యాహ్నానికి నాయుడుపేటలో దిగాం. హోటల్లో నాలుగణాలకు రేషను బియ్యం అన్నం పెట్టారు, రాళ్ళతో సహా. అక్కణ్ణించి మునస్వామి అనే అతని ఎద్దుబండి, రానూపోనూ మూడు రూపాయలు. దారంతా ఇసుక. అరువు తెచ్చిన, ఎత్తులు కొలిచే లెవెలు యంత్రాన్ని మామగారు పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా నడుము ఏ ఊళ్ళో విరిగిందో చెప్పలేను. పొద్దు వాలేవేళకు పల్లె చేరి, వలలు ఆరేసే పాకలో ఎండుచేపల వాసన మధ్య పడుకున్నాం.

పొద్దున్నే పని మొదలైంది. పల్లెకు కాస్త ఇవతల కాలువ వంతెన గోడ మీద మామగారు అప్పట్లో చెక్కిన ఇంకో గుర్తు ఉంది. దాని ఎత్తులో ఎవరికీ పేచీ లేదు. అక్కడి నుంచి కొలుచుకుంటూ ఒడ్డున రాయి దాకా పోవాలి. నేను ఎండలో కొలతబద్ద నిలబెట్టి పట్టుకోవడం, ఆయన యంత్రంలోంచి చూడటం, తన కళ్ళ మీద నమ్మకం చాలక, బద్ద మునస్వామి చేతికిప్పించి నన్నూ పిలిచి చూపించడం. తీరా చేరితే రాయికి నిలువెల్లా పసుపు, కుంకుమ, పైన వేపమండ. మామగారు బొట్టు చెరగకుండా బద్ద ఆనించమన్నారు. లెక్క కట్టారు. సరిగ్గా ఆ జానెడే ఎక్కువ.

"లేచిండాది! నేల లేచిండాది అల్లుడా!" అని ఆయన కేక పెట్టారు.

"ఈడ మంచు యాడుండాది మామా? తిరుపతి సోడా అంగట్లో మంచుగడ్డే మిట్టమధ్యాన్నానికి నీళ్ళయిపోతాది."

"యాడో కరిగితే ఈడ కదలగూడదా?"

వాదించే ఓపిక నాకు లేదు. నిజంగానే లేచి ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

అప్పుడే పసుపునీళ్ళ చెంబుతో ఒక ముసలామె వచ్చింది. పేరు పోలమ్మ. మా యంత్రం చూసి రాయికి అడ్డంగా నిలబడింది.

"అమ్మను పెరకతారా సామీ?"

"లేదమ్మా. కొలిసినాం, అంతే. ఇది సర్కారు గుర్తురాయి గదా, అమ్మ ఎట్లయింది?" అన్నారు మామగారు.

"ఏం మాటలు సామీ! నాటినాయనే తెంకాయ కొట్టి, పసుపు పెట్టి దండం పెట్టినాడంట. మా యత్త కండ్లారా సూసింది. సర్కారోళ్ళే మొక్కితే అమ్మ కాకుండా ఎట్ల పోతాది?"

నేను మామగారి వైపు తిరిగాను. ఏ పనైనా తెంకాయ కొట్టి గానీ మొదలుపెట్టని మనిషి ఆయన.

"పెద్ద తుఫానొచ్చిన యేడు నీళ్ళు అమ్మను ముంచినాయి. ఆమెను అట్ల సూడలేక మా మొగోళ్ళు పైకి తీసి, దిమ్మె కట్టి, దానిమీద నిలబెట్టినారు. దిమ్మెను ఇసుక కప్పేసింది."

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తోడాను. ఇటుక, సున్నం. దిమ్మె జానెడు ఎత్తుంది.

"ఆ తర్వాత కొలిచేదానికి ఒక దొర రాలేదా?" అని అడిగాను.

"వచ్చినాడు. కర్ర పెట్టి సూసుకోని పోయినాడు. మమ్మల్ని ఎవురడిగినారు సామీ?"

మామగారు ఇసుకలో కూలబడి నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, దగ్గు ఆగాక ఏడ్చారు. "నా లెక్క తప్పు కాదు" అన్నారు, ఈసారి మెల్లగా. నాటింది తానేనని చెప్పగానే పోలమ్మ ఆయన కాళ్ళకు దండం పెట్టి, ఇంట్లోంచి తెంకాయ తెచ్చి ఆయన చేతే కొట్టించింది.

తిరుగు బండిలో నేను ఉత్సాహంగా, "ఇల్లు చేరగానే ఆఫీసుకు రాద్దాం. మీ మచ్చ పోతాది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "రాస్తే మనుసుల్ని పంపి అమ్మను పెరికి, మళ్ళా కిందికి నాటతారు. వద్దులే అల్లుడా. నాకు తెలిసింది, సాలు." అంత దూరం ఒళ్ళు హూనం చేసుకుని వచ్చింది ఇందుకా అని కోపం వచ్చింది. మరు నిమిషం ఆయన ముఖం చూసి కళ్ళు చెమర్చాయి. ఒక జీవితమంతా మోసిన నింద అది. దించుకునే వీలు చేతికొచ్చాక కూడా, ఒక పల్లె మొక్కు కోసం ఆయన దాన్ని మళ్ళీ భుజాన వేసుకున్నారు. ఆఫీసు కాగితాల్లో ఆయన ఇంకా లెక్క రానివాడే. మంచు దేశాల నేల ఎంత లేచిందో నాకు తెలియదు గానీ, నేను ఎరిగిన మనుషుల్లో అంత ఎత్తు మనిషిని చూడలేదు.

అందుకే ఆ పల్లె పేరు రాయడం లేదు. పులికాట్ ఒడ్డుకు పోదలిచినవారు నాయుడుపేటలోనే కూజా నిండా మంచినీళ్ళు నింపుకోండి, ఒక తెంకాయ కొనుక్కోండి. కొలతబద్ద మాత్రం ఇంట్లోనే పెట్టి పోండి.