మామగారి సున్నం గుర్తు

మంథనిలో మా అవ్వ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది, చొప్పదండిలో మా మామగారు పోయారని. పొద్దున చాయ్ తాగి, గేటు దాకా వెళ్లి పేపరు తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నారట. అంతే. మంచాన పడలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. బస్సులో వస్తున్నంతసేపూ ఏడ్చాను. మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది. పక్కన కూర్చున్నావిడ నన్ను వింతగా చూసింది.

మామగారికి విత్తనాల దుకాణం ఉండేది. పాన్ నమిలే అలవాటు, జేబులో ఎప్పుడూ సున్నం డబ్బీ. ఆ సున్నం ఆకుకు పూసిందానికన్నా వస్తువులకు పూసిందే ఎక్కువ. మంచం విప్పితే దాని నాలుగు కోళ్లకూ చుక్క, తలుపు రెక్క తీస్తే మడతబందుకు గీత. చివరికి నా మిక్సీ మూతకు కూడా. "గుర్తు వెట్టనిది ఇప్పొద్దు బిడ్డా" అనేవారు. విప్పడం ఎవరైనా విప్పుతారు, మళ్లీ బిగించేటప్పుడే తెలుస్తుందని ఆయన వాదన. కొత్తలో నాకీ చుక్కల గోల చిరాకుగా ఉండేది. తర్వాత నేనూ పచ్చడి జాడీలకు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఇంటి ముందు ఒక పాత పెట్రోలు వ్యాన్. మోకాళ్లు పట్టేసి మోటారు సైకిల్ మానేశాక, పొలానికైనా దుకాణానికైనా ఎవరినీ అడగకుండా ఆయన వెళ్లగలిగేది అందులోనే. అదేమో రెండడుగులు వేసి మొరాయించేది. కిందటేడు దసరా పండుగ నాటికి అది నడవకపోతే పాత ఇనుము వాళ్లకు ఇచ్చేద్దామని మా ఆయన తేల్చి చెప్పారు. మామగారు ఆ రోజు అన్నం సగంలోనే వదిలేశారు.

లోపం డిస్ట్రిబ్యూటర్‌లో ఉందని ఆయనే పట్టారు. ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచేది అదే. దాన్ని ఊడదీసి, శుభ్రం చేసి, కింద కొత్త రబ్బరు రింగు వేసి, దసరా పొద్దున బిగిద్దామని పక్కన పెట్టారు. లోపల తిరిగే రోటర్ ముక్కు ఎటు చూస్తోందో, దాని డబ్బా ఎటు తిరిగి ఉందో ఊడదీసేముందే సున్నంతో గీసుకున్నారు. ఆ పొద్దున మా అత్తమ్మ అందరికన్నా ముందే లేచింది. ఆయుధపూజ కదా మరి. సీటెత్తి ఇంజనును తోమి, డిస్ట్రిబ్యూటర్‌ను తుడిచి, అన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టి, పైన బంతిపూలు ఉంచింది. సున్నం గీత ఒక్కటీ మిగల్లేదు.

మామగారు లేచి వచ్చి చూశారు. ఇంట్లో పండుగ పూట గొడవ తప్పదనుకున్నాను.

"నా గుర్తు తీసి దేవుని గుర్తు వెట్టినవ్. ఇగ దేవుడే నడపాలె బండిని" అన్నారు. అత్తమ్మ కొంగు నడుముకు దోపి, ఏం చేయాలో చెప్పమంది.

ప్లగ్గులన్నీ తీసేశారు. నా వేలు సన్నం, సందులో పడుతుందని మొదటి ప్లగ్గు రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించారు. బండి కదిలితే ఇంజనూ తిరిగేలా వ్యాన్‌ను టాప్ గేర్‌లో ఉంచి, వెనక నుంచి పట్టుచీరలో అత్తమ్మ, కొత్త చొక్కాలో మా ఆయన అంగుళం అంగుళం తోశారు.

"గాలి ఏలును నూకితే చెప్పు బిడ్డా. ఫికర్ వడకు, అదే చెప్తది."

కాసేపు ఏమీ లేదు. తర్వాత వేలి కింద గాలి గట్టిగా తోసింది. వచ్చిందన్నాను. మొదటి ప్లగ్గుకు నిప్పు అందాల్సిన వంతు దగ్గరపడిందనడానికి అదే గుర్తు. ఇంజను పుల్లీ మీద కంపెనీ వాళ్లు చెక్కిన గీత ఎదుటి గీతకు చేరేదాకా ఇంకాస్త తోయించి ఆపారు. ఇప్పుడు రోటర్ మొదటి ప్లగ్గు తీగ వైపు చూడాలి. అయితే డిస్ట్రిబ్యూటర్‌ను ఇంజనులోకి దించేటప్పుడు గేరు పళ్ల వల్ల రోటర్ కొంచెం పక్కకు తిరుగుతుంది. ఆ సంగతి ఆయన మరిచిపోయారు. ప్లగ్గులు బిగించి తాళం తిప్పితే ఇంజను దగ్గి ఊరుకుంది. పాత ఇనుము మాట అందరికీ గుర్తొచ్చింది. మామగారు కొడుకు వైపు ఒకసారి చూశారు. నాకు చాలా బాధేసింది.

మొదటి నుంచీ అంతా మళ్లీ చేశాం. ఈసారి రోటర్‌ను ఒక పన్ను వెనక్కి పెట్టి దించారు, సరిగ్గా వెళ్లి కూర్చుంది. ఇంజను అందుకుంది. డబ్బాను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ, చెవి పెట్టి వింటూ, చప్పుడు నిమ్మళించాక బోల్టు బిగించారు. కాలువ గట్టు ఎక్కించి చూశారు. ఇంజను ఎక్కడా టకటక కొట్టలేదు. సాయంత్రం మమ్మల్నందరినీ కూర్చోబెట్టుకుని జమ్మి దగ్గరికి ఆయనే నడిపారు. మొదటి జమ్మి ఆకు అత్తమ్మ చేతిలో పెట్టి, "అచ్చే యేడు జర మెల్లగ తోము" అన్నారు. బస్సులో నాకు నవ్వొచ్చింది ఈ మాటకే.

ఆ తర్వాత పోయేదాకా ఎవరినీ అడగకుండానే తిరిగారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

కర్మలన్నీ అయిన మరునాడు పొద్దున మా ఆయన వ్యాన్ ఎక్కి తాళం తిప్పారు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. ఆయన కదలకుండా కూర్చున్నారు. వాకిలి ఊడుస్తున్న అత్తమ్మ యాడికని అడిగింది.

"యాడికి లేదవ్వా. ఊకెనే."

అత్తమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి, పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. గేటు మూసే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటి దాకా ఎవరూ ఇంజను ఆపలేదు.