ఇంటికంతటికీ ఒకే నెయిల్ కట్టర్

నా కుడి బొటనవేలి గోరు పక్కన పులిపిరి లేచినప్పుడు అది శనగబద్దంత కూడా లేదు. నెయిల్ కట్టర్‌తో కత్తిరించేశాను. రక్తం కారింది. బనీనుకు తుడుచుకుని, కట్టర్‌ను కడగకుండానే అద్దం కింది డబ్బాలో పడేశాను. ఇంటికంతటికీ అదొక్కటే కట్టర్.

మూడు వారాలకు అది రెండింతలై లేచింది. పైన కాలీఫ్లవర్‌లా గరుకు, లోపల నల్లటి చుక్కలు. మళ్ళీ కత్తిరించాను. మళ్ళీ వచ్చింది. దూలపల్లిలో నేను పనిచేసే ప్లైవుడ్ షెడ్డులో ఎవరికీ కనపడకుండా బ్యాండేజీ చుట్టేవాణ్ణి. ఇంట్లో అడిగితే చెక్క పేడు గుచ్చుకుందన్నాను.

నా భార్య మేడ్చల్‌లో మా ఇంటి ముందే పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. పిండిని అరచేత్తో చరుస్తూ చేసే రొట్టెలు. ఆ చేతికే, చూపుడువేలి మీద ఒకటి, అరచేతిలో రెండు లేచాయి.

రోజూ రొట్టెలు కొనే పక్క గల్లీ ఆమె ఒకరోజు చాపిన చేయి వెనక్కి తీసుకుంది.

“ఏమనుకోకు చెల్లె, గా చెయ్యి జూస్తే తినబుద్ధి అయితలేదు.”

“కడుక్కునే చేస్తున్న గదక్కా.”

“కడిగితే పోయేటియా గవి?”

మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఇంకొందరూ మానేశారు.

“గివి ఏడికెల్లి వచ్చినయ్?” అని నా భార్య నన్నడిగింది.

“పొద్దంతా నీళ్ళల్లనే చేతులు పెడ్తవ్, రాక ఏం జేస్తయ్?” అన్నాను.

అంతటితో ఆగలేదు. ఆ పూట ఆమె పళ్ళెంలో వేసిన రొట్టె నాకు తినబుద్ధి కాలేదు. ఆకలి లేదని లేచి, చౌరస్తాలో పూరీలు తిన్నాను. బ్యాండేజీ చుట్టిన వేలితోనే తుంచుకుని తిన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

శామీర్‌పేటలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఏ అసహ్యమూ లేకుండా నా భార్య చేయి పట్టుకుని చూసింది.

“చర్మం అడుగు వరసలో కణాలుంటాయమ్మా. పైన అరిగి రాలిపోయినవాటి చోటు నింపడానికి ఒక్కోటీ రెండుగా చీలుతుంది. తెగితే ఇంకా తొందరగా చీలతాయి, గాయం పూడాలి కదా. పూడాక నెమ్మదిస్తాయి. ఆ తెగిన చోటే ఈ వైరస్ లోపలికి దూరి, వాటిని ఆగనివ్వదు. అవసరం లేకపోయినా చీలుతూనే ఉంటాయి. కోసినకొద్దీ దానికి కొత్త దారి ఇచ్చినట్టే. మీ ఇంట్లో ముందు ఎవరికొచ్చాయి?”

నేను బొటనవేలిని పిడికిట్లోకి మడిచాను.

“నాకేనమ్మా,” అంది నా భార్య. “నీళ్ళల్ల పని గదా.”

నేనాడిన అబద్ధం ఆమె నోటి నుంచి నిజంలా వచ్చింది. పిడికిలి విప్పి బల్ల మీద పెట్టాను. బ్యాండేజీ తీస్తే చెమటకు నాని తెల్లబడిన ముద్ద, కుళ్ళు వాసన. కట్టర్ సంగతి కూడా చెప్పాను. నా భార్య నా వేలిని చూడలేదు, ముఖం చూసింది.

“గిది పెట్టుకొనేనా నా రొట్టె ఇడ్సిపెట్టి లేచినవ్?”

ఇద్దరి పులిపిర్లనూ పొగలు కక్కే చల్లటి మందుతో మాడ్చారు. నెలలు పట్టింది. అన్నాళ్ళూ పొయ్యి వెలగక, బోర్లించిన పెనం తుప్పు పట్టింది.

నా భార్య చేతులే ముందు నయమయ్యాయి. పొయ్యి వెలిగించిన రోజు నేనే పక్క గల్లీ ఆమె ఇంటికి వెళ్ళి, ఆ రోగం అంటించింది నేనని చెప్పాను. ఆమె వచ్చింది.

“ఏది, చేతులు జూపియ్యి చెల్లె.”

నా భార్య రెండు అరచేతులూ చాపి, గడప మీద కూర్చున్న నన్ను గడ్డంతో చూపింది.

“గాయన బొటనేలు గూడ జూడక్కా. వాటి పుట్టిల్లు గాడనే.”

పక్క గల్లీ ఆమె ముఖం చిట్లించి నవ్వింది. నాలుగు రొట్టెలు కట్టించుకుంది. పిండి డబ్బా ముట్టుకోవడానికి నాకు ఇంకా అనుమతి లేదు.