గుమ్మంలో నిలబెట్టిన టీచరు గారు

తాతగారి పొలాలు, కార్లు పోయాక మాకు మిగిలింది బెజవాడలో ఒక్క మేడ. పై వాటాలో ఒక రిటైర్డ్ టీచరు గారు ఉండేవారు. అద్దెకిచ్చామని నేనెప్పుడూ అనను, ఉండమన్నామనే అంటాను. ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో చోటు కోసం ఆడే జట్లలో అన్నిటికన్నా చిన్న దేశాన్ని ఎంచుకుని ఆవిడ "మనవాళ్లు" అనేవారు.

ఒకరోజు తెల్లవారగానే పైనుంచి ఒకటే కేకలు. మర్యాద గుర్తుచేద్దామని వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే టీవీలో ఆవిడ ఎంచుకున్న చిన్న ద్వీప దేశం గోల్ వేసింది.

"కదలకండి బాబుగారూ! మీరొచ్చాకే గోల్ పడింది. ఇలాగే గెలిస్తే మనవాళ్లకి మొదటిసారి ప్రపంచ కప్‌లో చోటండీ!"

"నేను చెప్పొచ్చేదేమిటంటే..."

"తర్వాత తిడుదురుగాని. ఆ కాలు వెనక్కి తియ్యకండి."

ఒకరు నిలబడమంటే నిలబడ్డవాడు మా వంశంలో లేడు. నేను నిలబడ్డాను. కాఫీ కూడా గుమ్మంలోనే అందించారు. చివరి విజిల్ మోగి మనవాళ్లు గెలిచేసరికి ఆవిడకంటే గట్టిగా నేనే అరిచాను.

ఇప్పుడావిడ ఉయ్యూరులో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. నిన్న ఫోన్ చేశారు.

"ప్రపంచ కప్‌లో మనవాళ్ల మొదటి మ్యాచ్ వస్తోందండీ. మా గుమ్మం ఖాళీగానే ఉంది."

పిలవగానే పరుగెత్తడం మా ఇంటా వంటా లేదు. అందుకని, ముందురోజే వచ్చేస్తానన్నాను.