నశ్యం రంగు చీర

ఇకమీదట తణుకులో చీర కొనాలంటే మీలో ఎవరైనా నాకు తోడు రావాలి. నేను ఒంటరిగా వెళ్తే ఆ షాపు ఓనరుగారు షట్టర్ దించేస్తారు. మొన్న ఏమైందో వినండి.

మా అత్తగారు వాళ్ల చెల్లెలి గృహప్రవేశానికి చీర తెమ్మన్నారు. నశ్యం రంగైతేనే తీసుకోమని మరీ మరీ చెప్పారు. పెళ్లయ్యాక నాకు ఒప్పజెప్పిన మొదటి పని అది. కాకినాడలో ఇంగ్లీష్ మీడియం వెలగబెట్టిన దాన్ని, మెరూన్ తెలుసు, బ్రౌన్ తెలుసు, ఈ నశ్యం ఏంటో తెలీదు. అడిగితే చులకనైపోతానని తలూపి బస్సెక్కేశాను.

షాపులో సేల్స్‌మన్ ఓ గుట్ట బ్రౌన్ చీరలు పరిచాడు. ఇందులో నశ్యం ఏదండి అంటే, అన్నీ నశ్యమేనండి అన్నాడు. అసలా మాటకి అర్థం ఏంటని మెల్లిగా అడిగాను. నశ్యం అంటే ముక్కుపొడుమండి, చీర ఆ పొడుంలా ఉంటే నశ్యం రంగు అన్నాడు.

ఇంతేనా అనుకున్నాను. చీర పట్టుకెళ్లి జాకెట్టు ముక్కకి మ్యాచింగ్ చూడ్డం మనకి కొత్తా? పక్కనున్న కిరాణా కొట్లో ముక్కుపొడుం పొట్లం కొన్నాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు.

తిరిగొచ్చేసరికి షాపులో కరెంట్ లేదు. గుమ్మం దగ్గర వెలుతురులో చీరలు వేయించుకుని, పొట్లం విప్పి, ఒక్కో చీర పక్కన పెట్టి చూస్తున్నాను. అచ్చంగా కలిసిపోయే చీర దొరికింది కూడా. సరిగ్గా అప్పుడే కరెంట్ వచ్చింది. కరెంట్ పోయినప్పుడు నా నెత్తి మీద ఫ్యాన్ స్విచ్ ఎవరూ ఆపలేదు.

ముందు సేల్స్‌మన్ తుమ్మాడు, తర్వాత నేను. లోపల పరుపు మీద పెళ్లివారు ముహూర్తం చీర ఎంచుకుంటున్నారు. వాళ్ల పెద్దావిడ ఎర్రంచు పట్టుచీర తీసి ఇది ఖాయం చేద్దామందో లేదో, స్వయంగా ఓనరుగారే తుమ్మారు. అపశకునమని ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది. ఇంకోటి తీసింది, పెళ్లికూతురు తుమ్మింది. ఏ చీర మీద చెయ్యేసినా ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు.

"ఈ షాపు మనకి అచ్చిరాదు, పదండి" అని ఆవిడ అందర్నీ లేవదీసుకుపోయింది.

ఓనరుగారు ముక్కు తుడుచుకుంటూ నా చేతిలో పొట్లం కేసి చూశారు. నేను గబగబా బిల్లు కట్టేసి బయటపడ్డాను.

ఇంటికొచ్చాక అత్తగారు చీర చూసి, సరిగ్గా తెచ్చావని మురిసిపోయారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కొంగు మీద పనితనం చూద్దామని చీర మొహం దగ్గరికి తీసుకున్నారు. ఇక తుమ్ములు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని నెమ్మదిగా అన్నారు.

"రంగు తెమ్మన్నానమ్మా. సరుకు తెమ్మన్లేదు."

ఇప్పుడు దసరాకి ఆవిడకి మిరపపండు రంగు చీర కావాలట. మావారు తనే వెళ్లి తెస్తానని ఆఫీసుకి సెలవు పెట్టారు.